సముద్రపు దొంగ పెట్టుకున్న అర్జీ చదివిన నా అనుభవం

1593 జులైలో ఐర్లండ్ పడమటి తీరం నుంచి ఒక వితంతువు ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్‌కు అర్జీ పెట్టుకుంది. బతికి ఉన్నన్నాళ్లూ గడవడానికి మనోవర్తి ఇప్పించాలని, కొడుకుల భూములు కొడుకులకే దక్కేలా చూడాలని అడిగింది. ఆమె పేరు గ్రాన్యా. ఇంగ్లిషు పుస్తకాలు గ్రేస్ ఓమాలీ అంటాయి. తీరం వెంబడి వచ్చే ఓడలను ఆపి సుంకం రాబట్టిన మనిషిగా, రెండు వందల మంది పోరాటగాళ్లను నడిపిన సముద్రపు దొంగల నాయకురాలిగా ఆమె పేరు మోసింది. ఆమె మీద కథలు చాలానే చదివాను. కథలు చాలు, ఆ అర్జీనే చదవాలన్న పట్టుదల గత సెప్టెంబరులో మొదలైంది. ఏప్రిల్‌కి చదవగలిగాను. మధ్యలో ఏమేం జరిగిందో, ఎక్కడ ఆగాల్సి వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. లండన్ చుట్టుపక్కల ఉంటూ పాత కాగితాల మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్లకు ఉపయోగపడుతుంది.

నేను రెడింగ్‌లో ఉంటాను, ఆసుపత్రి మందుల విభాగంలో పని చేస్తాను. చరిత్ర నా చదువు కాదు. ఆ సంగతి ఎక్కడా అడ్డం రాలేదు. లండన్‌లో క్యూ అనే ప్రాంతంలో ఉన్న బ్రిటన్ జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఎవరూ డిగ్రీ అడగరు, ఎందుకు చదువుతున్నావని కూడా అడగరు.

మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. ఐర్లండ్‌కు సంబంధించిన ప్రభుత్వ కాగితాలకు 19వ శతాబ్దంలో సారాంశాల సంపుటాలు అచ్చు వేశారు. ఏ తేదీన ఎవరు ఎవరికి ఏం రాశారో వాటిలో రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. అవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో గ్రేస్ ఓమాలీ అని వెతికితే దాదాపు ఏమీ రాదు. ఆ కాలపు ఇంగ్లిషు గుమాస్తాలు ఐరిష్ పేరును చెవికి ఎలా వినబడితే అలా రాశారు. ఒకచోట గ్రానీ ఇమాలీ, ఇంకోచోట గ్రానీ నీ మేలీ, మరోచోట ఇంకేదో. చివరికి ఆమె పేరు వదిలేసి ఆమె శత్రువు పేరుతో వెతికాను. రిచర్డ్ బింగమ్, 1584 నుంచి ఐర్లండ్ పడమటి భాగమైన కొనాక్ట్ రాష్ట్రానికి గవర్నరు. అతని పేరు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. అతని ఉత్తరాల చుట్టుపక్కలే ఆమె కాగితాలూ కనిపించాయి. ఇలాంటి వెతుకులాటలో ఉన్నవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: పాలితుల పేరు దొరకకపోతే పాలకుడి పేరు పట్టుకోండి.

ఇంకొకటి. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి కాగితం మీద 1592 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1593. జనవరి నుంచి మార్చి మధ్య కాగితాలు వరసలో పెట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. అదృష్టవశాత్తూ నాకు కావలసినది జులై నెలది.

అక్టోబరులో ఆ కాలపు చేతిరాత చదవడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇందుకోసం 1500 నుంచి 1800 వరకు వాడుకలో ఉన్న చేతిరాతల మీద ఆ భాండాగారమే ఒక ఉచిత పాఠ్యక్రమం ఇంటర్నెట్‌లో పెట్టింది. మా తాతగారు కరణం. ఆయన గొలుసుకట్టు రాతలో రాసిన కాగితాలు ఇంట్లో ఎవరికీ చదవడం రాక మూట కట్టి అటక మీద పడేశారు. అందుకని రాత కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా ఇంత కష్టమనుకోలేదు. ఆర్ అక్షరం డబ్ల్యూలా ఉంటుంది. సీ అక్షరం ఆర్‌లా ఉంటుంది. ఈ అక్షరం వెనక్కి తిరిగి సున్నా చుట్టినట్టుంటుంది. హెచ్ తోక పంక్తి కిందికి జారి కింది మాట నెత్తిన పడుతుంది. ఎస్‌కు మాట మొదట్లో ఒక రూపం, చివర ఇంకో రూపం. యు రాయాల్సిన చోట వి, వి రాయాల్సిన చోట యు. పి కాలికి అడ్డగీత ఉంటే ఆ ఒక్క అక్షరంలో మూడక్షరాలు ఇమిడి ఉన్నట్టు. రాణీగారిని సంబోధించే మాటలను ప్రతిసారీ కుదించి, మిగిలిన అక్షరాలను పైన బుల్లిగా వేసేవారు.

డ్యూటీ అయ్యాక రాత్రి పిల్లలు పడుకున్న తరువాత కూర్చునేదాన్ని. మొదటి వారాల్లో ఒక గంటకు మూడు పంక్తులు కదిలేవి. నవంబరు చివరికి కన్ను అలవాటు పడింది. మాటను అక్షరాలుగా విడదీయడం మానేసి మొత్తంగా చూడడం మొదలయ్యాక వేగం వచ్చింది. పెద్దగా పైకి చదవడం కూడా పనికొచ్చింది. ఆనాటి వర్ణక్రమం ఎంత వింతగా ఉన్నా, పైకి పలికితే చాలా మాటలు వాటంతట అవే తెలిసిపోతాయి.

జనవరిలో రీడర్ టికెట్ తీసుకున్నాను. డబ్బు కట్టనక్కర్లేదు. ముందుగా ఇంటర్నెట్‌లో వివరాలు నింపి, తరువాత స్వయంగా వెళ్లి పేరుకు ఒక రుజువు, చిరునామాకు ఒక రుజువు చూపించాలి. నేను పాస్‌పోర్టు, బ్యాంకు కాగితం తీసుకెళ్లాను. అక్కడే ఫొటో తీస్తారు. క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు. ఆది, సోమవారాలు మూసి ఉంటుంది. శనివారం తెరిచి ఉండడం నాలాంటి ఉద్యోగులకు పెద్ద వెసులుబాటు. కోటు, సంచి లాకరులో పెట్టి, పెన్సిలు, కాగితాలు, ఫోను పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేసుకుని లోపలికి వెళ్లాలి. పెన్ను నిషిద్ధం. రబ్బరు కూడా నిషిద్ధమని అక్కడికి వెళ్లాకే తెలిసింది. మంచినీళ్ల సీసా కూడా బయటే వదిలేయాలి. ఖర్చంతా రైలు చార్జీలు, మధ్యాహ్న భోజనమే.

ఆ టికెట్ చేతిలో పట్టుకుని సహాయకుల దగ్గరికి వెళ్లి నాకు కావలసిన కాగితం గురించి అడిగాను. అక్కడ ఒక చిన్న దెబ్బ తగిలింది. ఆ ఐర్లండ్ కాగితాలన్నింటికీ ఇప్పటికే ప్రతిబింబాలు తీసి ఉన్నాయి. స్పష్టమైన ప్రతిబింబం ఉన్నప్పుడు నాలుగు వందల ఏళ్ల నాటి అసలు కాగితాన్ని మళ్లీ మళ్లీ బయటికి తీయరు. చూడాలంటే అక్కడి కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు. బయట విశ్వవిద్యాలయాలు చందా కట్టి వాడుకునే ఆ సేవ అక్కడ ఉచితం. దానికి టికెట్ కూడా అవసరం లేదు. ఆ కాగితాన్ని ఒక్కసారి చేతిలో పట్టుకుంటానని నెలల తరబడి ఊహించుకున్న నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. వాళ్లు చెప్పింది సబబే. వచ్చిన ప్రతివాడి చేతిలోనూ పెడితే ఈపాటికి ఆ కాగితం మిగిలేది కాదు.

టికెట్ ఎలాగూ ఉంది కదా అని అదే కాలపు మరో దస్తావేజు తెప్పించుకున్నాను. ఎలిజబెత్ హయాంలో ఛాన్సరీ కోర్టులో దాఖలైన ఒక దావా. తోలు పత్రం. ఆర్డరు పెట్టిన గంటలోపే వచ్చింది. ఎంతోకాలం చుట్టి ఉంచడం వల్ల చదును చేసినా మళ్లీ ముడుచుకుపోతుంది, అంచుల మీద బరువులు పెట్టాలి. ఒకవైపు నునుపుగా, తెల్లగా ఉంది. రెండోవైపు పసుపు తిరిగి, దగ్గరగా చూస్తే ఆ జంతువు వెంట్రుకల కుదుళ్లు సన్నని చుక్కల్లా కనిపించాయి. సిరా ఒకప్పుడు నల్లగా ఉండి ఇప్పుడు గోధుమరంగు తిరిగింది. గుమాస్తా కలం ముంచిన ప్రతిచోటా రంగు చిక్కబడి, తరువాతి నాలుగైదు మాటలకు పలచబడుతూ వచ్చింది. అతను ఎక్కడ ఆగి కలం ముంచాడో వేలు పెట్టి చూపించవచ్చు. ఆ మధ్యాహ్నం ఆ దావాలో సగం కూడా చదవలేకపోయాను కానీ, తరువాత తెర మీద గ్రాన్యా అర్జీ చూసినప్పుడు దాని వెనక ఒక మనిషి చెయ్యి కనిపించడానికి ఇదే కారణం.

గ్రాన్యా అర్జీ మార్చిలో చదవడం మొదలుపెట్టాను. తెర మీద పెద్దది చేసుకునే వీలుండడం నాకు కలిసొచ్చింది. అసలు కాగితమైతే అన్ని పంక్తులు చదవగలిగేదాన్ని కాదేమో.

ఐర్లండ్‌లో నాయకుల మధ్య ఎడతెగని కలహాలున్నాయి కాబట్టి, తనను, తన మనుషులను కాపాడుకోవడానికి నలభై ఏళ్లుగా నేల మీద, నీటి మీద ఆయుధం పట్టక తప్పలేదని అర్జీ మొదట్లోనే ఉంది. దోపిడీ అన్న మాట ఎక్కడా లేదు. తనను, తన మనుషులను పోషించుకోవడం అనే ఉంది. తరువాత ఇద్దరు భర్తల సంగతి, కొడుకుల భూముల సంగతి, తాను ముసలిదాన్నయ్యానన్న మాట, మనోవర్తి కోరిక. అంతా వినయమే. ఇక అయిపోయిందనుకుంటుండగా చివర్లో ఇంకో కోరిక వస్తుంది. రాణీగారి శత్రువులు ఎక్కడున్నా సరే, ఎవరి అడ్డూ లేకుండా కత్తితో, నిప్పుతో వారి మీద పడడానికి తనకు అనుమతి ఇవ్వాలట. ఆ పంక్తి మొత్తం విప్పుకోగలిగిన క్షణాన కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అరవై దాటిన మనిషి ఒకే కాగితంలో మనోవర్తితో పాటు ఓడ నడుపుకోవడానికి అధికారపత్రం కూడా అడుగుతోంది. ఎవరి అడ్డూ లేకుండా అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది ఎవరో వేరే చెప్పాలా? బింగమ్.

అర్జీ అందాక లండన్ నుంచి వచ్చింది జవాబు కాదు, ప్రశ్నలు. రాణీగారి ముఖ్య సలహాదారు లార్డ్ బర్లీ తరఫున 18 ప్రశ్నలు. తండ్రి ఎవరు, తల్లి ఎవరు, మొదటి భర్త ఎవరు, అతనితో ఎందరు పిల్లలు, వారికి ఏ భూములున్నాయి, రెండో భర్త ఎవరు, అతను పోయాక ఎలా బతుకుతున్నావు. వీసా దరఖాస్తులు నింపీ నింపీ విసిగిన నాలాంటివాళ్లకు ఆ ప్రశ్నల వరస చూడగానే కడుపులో అదే దడ మొదలవుతుంది. ఆమె జీవితం గురించి ఈనాడు మనకు తెలిసిన గట్టి విషయాల్లో చాలా భాగం ఈ జవాబుల నుంచి వచ్చినవే. ఐర్లండ్ చరిత్రను ఏళ్లవారీగా రాసిన సన్యాసుల సంకలనంలో ఆమె పేరే లేదు. డబ్లిన్‌లో దాచిన పాత దస్తావేజుల్లో ఎక్కువ భాగం 1922 జూన్ 30న ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల భవనంలో రేగిన మంటల్లో కాలిపోయాయి. తన గోడు చెప్పుకోవడానికి ఆమె లండన్‌కు పంపిన కాగితాలు మాత్రం నిలిచాయి.

మొదటి జవాబులో తండ్రి పేరు, ఆయన ఏలిన సీమ, ఆ సీమకున్న దీవులు వరసగా ఉన్నాయి. ఇనిష్‌బోఫిన్, క్లేర్, ఇనిష్‌టర్క్, ఇనిషార్క్, కాహర్. గుమాస్తా వర్ణక్రమం ఎలా ఉన్నా ఫోనులో పటం తెరిచి ఒక్కొక్కటీ వెతుక్కున్నాను. అన్నీ ఇప్పటికీ అవే పేర్లతో మేయో, గాల్వే జిల్లాల తీరాన ఉన్నాయి. పని సంతోషంగా సాగిన రోజు అది.

పెద్ద కొడుకు ఓవెన్ గురించిన భాగానికి వచ్చాక చదవడం ఆపేసి బయటికి వచ్చేశాను. 1586లో గవర్నరు తమ్ముడు కెప్టెన్ జాన్ బింగమ్ సైన్యంతో వచ్చి ఓవెన్‌ను తిండి, బస అడిగాడు. ఓవెన్ ఇచ్చాడు. ఆ రాత్రే అతన్ని, అతని మనుషుల్లో 18 మందిని పట్టి కట్టేశారు. మర్నాడు ఆ 18 మందినీ ఉరి తీశారు. వారిలో తొంభై ఏళ్ల ముసలాయన ఒకరు. ఆ తరువాతి రాత్రి శిబిరంలో దొంగ గోల పుట్టించి, కట్లతో ఉన్న ఓవెన్‌ను చంపేశారు. ఒంటి మీద 12 గాయాలు అని లెక్క రాయించింది తల్లి. ఏడేళ్ల తరువాత రాయించిన జవాబులో ఆ అంకె ఉంది. ఏ విశేషణమూ లేకుండా అంకె వేసి ఊరుకున్న ఆ పంక్తిని నేను మళ్లీ చదవలేదు, నకలు రాసుకునేటప్పుడు తప్ప.

తన సంగతి కూడా చెప్పింది. తననూ పట్టుకుని, పశువులను తోలుకుపోయి, ఉరి తీయడానికి కొత్త ఉరికొయ్య నిలబెట్టారట. అల్లుడు జామీను ఇచ్చి విడిపించాడు. ఆ తరువాత ఉత్తరాన ఉల్‌స్టర్‌కు పారిపోయింది.

ఆమె చెప్పనివి కూడా ఉన్నాయి. 1577లో డెస్మండ్ ప్రభువు సీమ మీద దాడికి వెళ్లి పట్టుబడడం, లిమరిక్‌లో, తరువాత డబ్లిన్ కోటలో ఖైదుగా ఉండి 1579లో విడుదల కావడం ఈ జవాబుల్లో లేవు. రెండో కొడుకు మురొ బింగమ్ పక్షాన చేరినందుకు అతని ఊరికి నిప్పు పెట్టి పశువులను పట్టుకుపోయిన సంగతీ లేదు. అవి ఎదుటి పక్షం ఉత్తరాల్లో దొరుకుతాయి. ఆ ఉత్తరాల సారాంశాలు కూడా పక్కన పెట్టుకుని చదవండి, అప్పుడే మనిషి పూర్తిగా కనిపిస్తుంది. ఐర్లండ్‌లో రాణీగారి ప్రతినిధిగా పని చేసిన హెన్రీ సిడ్నీ ఆమెను ఐర్లండ్ తీరాలన్నిటా పేరు మోగిన స్త్రీ అన్నాడు, మూడు ఓడలు, 200 మంది మనుషులతో తనకు సాయానికి వస్తానందని రాశాడు. అక్కడి ఇంకో ఇంగ్లిషు అధికారి విలియం డ్రూరీ ఆమెను ఆడదాని హద్దు దాటిన మనిషి, సముద్రం మీద దొంగలకూ హంతకులకూ నాయకురాలు అన్నాడు. బింగమ్ అయితే నలభై ఏళ్లుగా రాష్ట్రంలో జరిగిన తిరుగుబాట్లన్నిటికీ పాలిచ్చి పెంచిన దాది అని రాశాడు. ఆమె చెప్పిన నలభై ఏళ్లు, అతను చెప్పిన నలభై ఏళ్లు ఒకటే. ఎవరి గుమాస్తా రాశాడన్నదే తేడా.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టింది భర్త పోయిన స్త్రీకి ఏం దక్కుతుందన్న భాగం. ఐరిష్ నాయకుల భార్యలకు భర్త ఆస్తిలో మూడో వంతు లాంటిదేమీ ఉండదని, తెచ్చుకున్న కట్నం తిరిగి రావడమే గగనమని, భర్తలు అప్పులతో పోతే అదీ రాదని, ప్రభుత్వం కొత్తగా చేసిన పన్నుల ఒప్పందంలోనూ వితంతువుల ఊసు లేదని ఆమె జవాబు. నాన్న పోయాక కుటుంబ పింఛను కోసం మా అమ్మ ఒక కార్యాలయం చుట్టూ ఏడాదికి పైగా తిరిగింది. వెళ్లిన ప్రతిసారీ ఇంకో కాగితం అడిగేవారు. ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి ఈ జవాబు మొత్తం తెలుగులో చెప్పాను. రాణి ఎలాంటిది, ఓడలు ఎన్ని, ఇవేవీ అమ్మ అడగలేదు. “ఇంతకీ ఆవిడకు మంజూరైందా అమ్మా?” అని అడిగింది.

మంజూరైంది. 1593 సెప్టెంబరులో గ్రీనిచ్ రాజభవనంలో ఇద్దరూ కలిశారు. లోపల ఏం మాట్లాడుకున్నారో రాసిన కాగితం లేదు. గ్రాన్యా చేతిరుమాలు నిప్పులో పడేసిందన్న కథ, బాకు దాచుకుని వచ్చిందన్న కథ జనం చెప్పుకునేవే. కాగితం మీద ఉన్నది సెప్టెంబరు 6న, తన అరవయ్యో పుట్టినరోజుకు ముందురోజు, రాణి బింగమ్‌కు రాసిన ఉత్తరం. నిర్బంధంలో ఉన్న ఆమె చిన్న కొడుకు టిబ్బట్ విషయంలోనూ, సోదరుడి విషయంలోనూ దయ చూపాలని, కొడుకులు కట్టే పన్నులో కొంత మినహాయించి తల్లికి జీవితాంతం ఆధారం చూపాలని ఆదేశించింది. ఇది చెప్పగానే అమ్మ, “మరి ఆ గవర్నరు ఇచ్చాడా?” అంది. కార్యాలయాలు చూసిన మనిషి కదా, ఆదేశానికీ చేతికి అందడానికీ మధ్య దూరం తెలుసు. కొడుకును వదిలిపెట్టాడు కానీ, ఆమె మీద సైనికులను మోపి, వారి తిండీ బసా ఆమె నెత్తిన వేశాడు. అందుకే 1595లో ఆమె మళ్లీ లండన్ వచ్చి ఇంకో అర్జీ పెట్టుకుంది.

ఇప్పుడు ఆ 1595 కాగితాల మీద ఉన్నాను. గుమాస్తా వేరు, అక్షరాలు ఇంకా బిగుతుగా ఉన్నాయి, నా వేగం మళ్లీ గంటకు ఏడెనిమిది పంక్తులకు పడిపోయింది. దీని తరువాత 1601 నాటి ఒక నౌకా కెప్టెన్ నివేదిక చూడాలని ఉంది. ముప్పై తెడ్లతో, వంద మంది తుపాకీ మనుషులతో ఓమాలీల ఓడ ఒకటి తనకు ఎదురైందని అతను రాశాడు. గ్రాన్యా అప్పటికి బతికే ఉంది. 1603 ప్రాంతంలో పోయింది, రాణి పోయినదీ ఆ ఏడాది మార్చిలోనే.

ఎవరైనా ఇలా వెళ్లదలచుకుంటే: చేతిరాత పాఠాలు ముందు ఇంటి దగ్గర పూర్తి చేయండి, లేకపోతే అక్కడి గంటలు అక్షరాలు గుర్తుపట్టడానికే సరిపోతాయి. మీకు కావలసిన కాగితం తెర మీద చూడాలో, అసలుది తెస్తారో బయలుదేరే ముందే కనుక్కోండి. పెన్సిళ్లు రెండు మూడు చెక్కి తీసుకెళ్లండి. శనివారం త్వరగా వెళ్తే కిటికీ పక్క కుర్చీ దొరుకుతుంది.